బయోఇన్ఫర్మేటిక్స్ వాళ్ళు రోజంతా ఏం చేస్తారు? ఈ లైన్లో ఉన్నవాళ్ళు చెప్పండి

గుంటూరు_మిర్చి:
ఎమ్మెస్సీ బయోటెక్ రెండో ఏడు. ల్యాబ్‌లో పైపెట్ పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. బయోఇన్ఫర్మేటిక్స్‌కి మారదామని చూస్తున్నా. "అది సాఫ్ట్‌వేరా, డాక్టరా?" అని మా నాన్న అడిగితే నీళ్ళు నమిలా. అసలు రోజెలా గడుస్తుంది? ఆఫీసు బయట బతుకంటూ ఉంటుందా? మోటివేషన్ వీడియోల లింకులు మాత్రం వద్దు, దండం పెడతా.

తార్నాక_పిల్లి:
పదకొండేళ్ళుగా ఇదే పని. నాన్నగారికి ఇలా చెప్పి చూడమ్మా. మనిషి జీనోమ్ (అంటే ఒంట్లోని డీఎన్‌ఏ మొత్తం) దాదాపు 300 కోట్ల అక్షరాల పుస్తకం. దాన్ని చదివే మిషన్లలో ఎక్కువ భాగం మాకు పుస్తకంలా ఇవ్వవు, 150 అక్షరాల ముక్కలుగా చింపి ఇస్తాయి. ఏ ముక్క ఎక్కడిదో చూసి సర్దాలి, అక్షరం ఎక్కడ మారిందో పట్టుకోవాలి, ఆ మార్పు వల్ల ఒంట్లో ఏమవుతుందో చెప్పాలి.

అది చెప్పుకోడానికి. నిజానికి సగం రోజు ఫైళ్ళ పంచాయితీయే. జీనోమ్‌లో ఏది ఎక్కడుందో చెప్పే మ్యాపుకి వెర్షన్లు ఉంటాయి: ఒకరు పాత హెచ్‌జీ19 ప్రకారం పంపుతారు, ఇంకొకరు కొత్త హెచ్‌జీ38 ప్రకారం. అదే జీన్, రెండు చోట్లా అడ్రసు వేరు. ఒక ఫార్మాట్ సున్నా నుంచి లెక్కపెడుతుంది, మరొకటి ఒకటి నుంచి. ఆ ఒక్క అంకె తేడా దొరక్క నేను మూడు వారాలు పోగొట్టుకున్నా.

ఇక నా రీసెర్చ్ సంగతి. మాది ప్రొద్దుటూరు, ఆర్యవైశ్యులం. నా చిన్నప్పుడు అమ్మమ్మకి ఆపరేషన్ అయ్యాక గంటలు గడిచినా తనంతట తాను ఊపిరి తీసుకోలేదు. వెంటిలేటర్ మీద ఉంచారు, మర్నాటికి కోలుకుంది. ఇంట్లో అంతా దిష్టి అన్నారు. పీహెచ్‌డీలో చేరాక అర్థమైంది: కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మామూలుగా కొన్ని నిమిషాల్లో విరిగిపోతుంది, దాన్ని విరిచే ఎంజైమ్ లోపిస్తే గంటల తరబడి దిగదు. ఈ లోపం వైశ్యుల్లో మిగతావాళ్ళకంటే దాదాపు వంద రెట్లు ఎక్కువని హైదరాబాద్ సీసీఎంబీ ల్యాబ్, హార్వర్డ్ వాళ్ళు కలిసి 2017లో రాశారు. మేనరికమే కారణం అనుకుంటారు చాలామంది. కాదు. ఎప్పుడో కొద్దిమందితో మొదలైన గుంపు తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటే, దగ్గరి చుట్టరికం లేని ఇద్దరి దగ్గర కూడా అదే పాత మార్పు ఉండొచ్చు. ఇప్పుడు చుట్టాల్లో ఎవరికి ఆపరేషన్ అన్నా మత్తు డాక్టరుకి ముందే చెప్పమని నేనే ఫోన్ చేస్తా. "వచ్చిందండీ సైంటిస్టు" అంటారు, చెప్తారు కూడా.

ఆఫీసు బయట అంటావా, ఆదివారాలు వీణ క్లాసు. నా కన్నా మా టీచరుగారికే ఓపిక ఎక్కువ.

ఎక్సెల్_బాధితుడు:
మార్చ్1 అని ఒక జీన్ ఉండేది. ఎక్సెల్‌లో కొడితే మార్చి 1వ తేదీ అయి కూర్చునేది. సెప్ట్2 అయితే సెప్టెంబరు. చివరికి 2020లో పేర్లు పెట్టే కమిటీయే దిగొచ్చి మార్చ్ఎఫ్1, సెప్టిన్2 అని మార్చింది. నాకు కోపం ఇంకా తగ్గలేదు.

కోడ్_కూలీ:
సీఎస్‌ఈ నుంచి ఇటొచ్చా. మొదటి ఏడాది ఒక జబ్బుకి అద్భుతమైన సిగ్నల్ పట్టేశాననుకుని టీమ్‌కంతా స్వీట్లు పంచా. తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ చావుకబురు చల్లగా చెప్పింది: రోగుల శాంపిళ్ళు సోమవారం, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళవి గురువారం నడిపారట. నేను కనిపెట్టింది జబ్బుని కాదు, వారాన్ని. అప్పట్నుంచి కోడ్ ముట్టుకునే ముందు ల్యాబ్‌లో టీ తాగుతూ అరగంట కూర్చుంటా.

గుంటూరు_మిర్చి:
ఏఐ వచ్చాక ఈ ఉద్యోగాలు ఉంటాయా మరి?

బోస్టన్_గోంగూర:
నాకూ ఆ భయం లేకపోలేదు, పోయినేడే ఒక కంపెనీ నన్ను సాగనంపింది (కారణం ఏఐ కాదు, డబ్బుల్లేక). కానీ ఒకటి చూడు. 2020లో ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోటీన్ ఆకారాలు చెప్పేసి అందరి నోళ్ళూ మూయించింది, 2024లో చేసినవాళ్ళకి నోబెల్ వచ్చింది. అది నేర్చుకున్నది దేని మీద? 1971 నుంచి ల్యాబుల్లో ఒక్కొక్కటే తేల్చి ప్రోటీన్ డేటా బ్యాంకులో దాచిన ఆకారాల మీద. దాచేవాళ్ళు, శుభ్రం చేసేవాళ్ళు లేకపోతే అదీ లేదు. అది కూడా మన పనే.

బయట బతుకు ఉంది. రాత్రి సర్వర్లో ప్రోగ్రామ్ నడవడానికి పెట్టేసి పడుకుంటా, పొద్దున్నకి సగంలో చచ్చి ఉంటుంది, తిట్టుకుంటా. ఎండాకాలం నాలుగు నెలలు బాల్కనీ కుండీల్లో గోంగూర. ఈసారి రెండు సీసాల పచ్చడి అయింది.

తార్నాక_పిల్లి:
మిర్చీ, కోర్సులకి డబ్బు తగలెయ్యకు. రకరకాల దేశాలవాళ్ళ జీనోమ్‌లు చదివి పెట్టిన 1000 జీనోమ్స్ ప్రాజెక్టు డేటా ఉచితం. అందులో ఐటీయూ అనే గుంపు ఉంది, బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళు. మనవాళ్ళ జీనోమ్‌ల మీదే చెయ్యి తిప్పుకో. నేర్చుకోవాల్సినవి మూడు: లినక్స్ కమాండ్లు, పైథాన్ గానీ ఆర్ అనే భాష గానీ, స్టాటిస్టిక్స్. మూడోది ఎగ్గొట్టావో, కోడ్_కూలీలా స్వీట్లు పంచుతావు.

కోడ్_కూలీ:
😐

గుంటూరు_మిర్చి:
నాన్నకి చింపిన పుస్తకం కథ చెప్పా. "అయితే ప్రూఫులు దిద్దే పనన్నమాట" అన్నారు, ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో చేశార్లెండి. ఐటీయూ ఫైలు దించుతున్నా, హాస్టల్ వైఫై మీద దేవుడి దయ. అక్కా, సున్నా నుంచి లెక్కపెట్టేది ఏ ఫార్మాట్?

తార్నాక_పిల్లి:
బెడ్. నువ్వు దించే వీసీఎఫ్ (మారిన అక్షరాల జాబితా ఫైలు) ఒకటి నుంచి. గోడ మీద రాసి అంటించుకో.