సైయాన్ 5ఎంఎక్స్: రోజూ వాడాలా, బీరువాలో పెట్టాలా?

నాగోల్_పాసింజర్

పోయిన వారం రిపేర్ల థ్రెడ్‌లో సోల్డర్_మావయ్య గారు ఒక మాట అన్నారు. "సైయాన్‌లను రోజూ సంచిలో వేసుకుని తిరిగేవాళ్లే వాటిని చంపుతున్నారు" అని. ఆ మాట నాకు తగిలింది. అందుకే వేరే థ్రెడ్ పెడుతున్నా.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. సైయాన్ 5ఎంఎక్స్ 1999లో సైయాన్ అనే లండన్ కంపెనీ తెచ్చిన చేతి కంప్యూటర్. 640×240 తెర, రంగుల్లేవు, 16 బూడిద ఛాయలు. 36 మెగాహెర్ట్జ్ ఆర్మ్ ప్రాసెసర్, 16 ఎంబీ మెమరీ. రెండు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. మూత తెరిస్తే కీబోర్డు ముందుకు జారి, తెర వెనక్కి ఆనుకుంటుంది. వేలితో పొడిచినా వెనక్కి పడదు. నేను కొన్నది ఆ కీబోర్డు కోసమే.

ఆఫీసుకి మెట్రోలో వెళ్తాను, నాగోల్ మొదటి స్టేషన్ కాబట్టి పొద్దున సీటు దొరుకుతుంది. మూత తీయగానే నిన్న ఆపిన వాక్యం దగ్గరే కర్సర్ ఉంటుంది. బూట్ అవడం, అప్‌డేట్ అడగడం లేవు. అమీర్‌పేటలో జనం మీద పడేదాకా రాసుకుంటాను, రాయదుర్గంలో మూసేస్తాను. ఇంటి ఖర్చులు షీట్‌లో, బాకీలు, పుట్టినరోజులు అజెండాలో. దీన్లో తెలుగు అక్షరాలు రావు. అందుకని ఆర్‌టీఎస్‌లో, అంటే రోమన్ లిపిలో తెలుగు కొట్టి, రాత్రి సీఎఫ్ కార్డు (దీని మెమరీ కార్డు) కంప్యూటర్‌లో పెట్టి, ఆ పాఠాన్ని లేఖిని అనే లిపి మార్చే సైట్‌లో వేస్తే తెలుగయిపోతుంది. పక్క సీటువాళ్లు "డిక్షనరీ మిషనా అన్నా?" అని అడుగుతారు. అవునంటాను, గొడవ ఉండదు.

ఇబ్బందులు లేవనను. ఎండలో తెర బాగుంటుంది, నీడలో కళ్లు చికిలించాలి. బ్యాక్‌లైట్ వేస్తే సెల్స్ తాగేస్తుంది. పైనున్న రబ్బరు పూత ఎండాకాలంలో చేతికి అంటుకుంటుంది. అయినా ఇది పని చేయడానికి పుట్టిన వస్తువు. వాడితే తప్పేంటి?

గండిపేట్99

ఫోన్‌లో నోట్స్ యాప్ ఉందిగా బ్రో.

సోల్డర్_మావయ్య

అబ్బాయ్, నేనన్న మాటలో సగమే రాశావు. మిగతా సగం నేను రాస్తాను.

నువ్వు మెచ్చుకున్న ఆ జారే కీబోర్డే దీని జబ్బు. తెరకూ బోర్డుకూ మధ్య పల్చటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది. మూత తెరిచిన ప్రతిసారీ, మూసిన ప్రతిసారీ అది ఒకే చోట వంగుతుంది. కొన్నేళ్లకు లోపలి రాగి గీతలు పగులుతాయి. మొదట తెర మీద గీతలొస్తాయి. తర్వాత మూతను ఓ కోణంలో పట్టుకుంటేనే బొమ్మ కనిపిస్తుంది. ఆఖరికి అదీ ఉండదు. మిషన్ లోపల బతికే ఉంటుంది, బీప్ కొడుతుంది, మనకు మాత్రం ఏమీ కనపడదు. విశాఖలో నా బల్ల మీదికి వచ్చే 5ఎంఎక్స్‌లలో ఎక్కువ భాగం ఇవే.

సైయాన్ 2001లో ఈ వ్యాపారం నుంచి తప్పుకుంది. కొత్తవి రావు, ఉన్నవే ఉన్నాయి. దీన్లోని ఈపాక్ ఆపరేటింగ్ సిస్టమే తర్వాత ఫోన్లలో వచ్చిన సింబియన్ అయింది. 1998లో నోకియా, ఎరిక్సన్, మోటరోలా వచ్చి సైయాన్‌తో చేతులు కలిపింది దానికోసమే. మన ఊళ్లలో నోకియా 6600 పట్టుకుని తిరిగినవాళ్లంతా దీని మనవణ్ణి వాడినవాళ్లే. అలాంటిదాన్ని మెట్రోలో జనం మోచేతుల మధ్య రోజుకు పదిసార్లు తెరిచి మూయడం నాకు నచ్చదు. ఆదివారం తీసి, కాసేపు వాడి, సెల్స్ బయటికి తీసి దాచుకో. నీ తర్వాతివాళ్లకు మిగులుతుంది.

రెండు_పెన్సిల్_సెల్స్

అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. పాసింజర్ గారూ, మీరు వాడేది ఆల్కలైనా, రీఛార్జబులా? రీఛార్జబుల్ 1.2 వోల్టులు, ఆల్కలైన్ 1.5. సెల్ మీటర్ ఆల్కలైన్‌ను చూసుకుని చేసింది. రీఛార్జబుల్ వేస్తే నిండా ఛార్జ్ ఉన్నా తక్కువ చూపిస్తుంది. పైగా చివర్లో హెచ్చరిక వచ్చాక ఎక్కువసేపు ఉండదు. సీఆర్2032 బ్యాకప్ సెల్ కూడా అయిపోయి ఉంటే సీ డ్రైవ్‌లో, అంటే మిషన్ లోపలి మెమరీలో ఉన్నదంతా పోతుంది. దీని మీద ముందు స్పష్టత రావాలి.

నాగోల్_పాసింజర్

సెల్స్ గారూ, రీఛార్జబులే. రాసేదంతా సీఎఫ్ కార్డు మీద, డీ డ్రైవ్‌లో. సెల్స్ మొత్తం చచ్చినా అది పోదు.

మావయ్య గారూ, బీరువాలో పెడితే బతుకుతుందని మీకెవరు చెప్పారు? పట్టుచీర కట్టకుండా మడతపెట్టి ఉంచితే ఆ మడతలోనే చిరుగుతుంది, మీ ఇంట్లో అడిగి చూడండి. నేను కొన్న మొదటి 5ఎంఎక్స్ ఒకాయన ఏళ్ల తరబడి అట్టపెట్టెలో దాచిందే. "అస్సలు వాడలేదు సార్, కొత్తది" అని అమ్మాడు. లోపల ఆల్కలైన్ సెల్స్ కారిపోయి, స్ప్రింగులు పచ్చగా తుప్పు పట్టి ఉన్నాయి. దాన్ని ఎవరు చంపారు? రోజూ వాడేవాడికి సెల్ కారేదాకా తెలియకుండా ఉండదు. దాచేవాడికే తెలియదు.

సోల్డర్_మావయ్య

సెల్స్ తీసి దాచమన్నాను. చదివి రాయి.

గోదావరి_గట్టు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. రోమన్‌లో కొట్టి తర్వాత మార్చుకోవడాన్ని "తెలుగు రాస్తున్నాను" అనడం నాకు ఒప్పుదల కాదు. రాసేటప్పుడు కంటికి తెలుగు అక్షరం కనపడాలి. ఒత్తు ఎక్కడ పడింది, వాక్యం ఎంత బరువైంది అన్నది అక్షరం చూస్తేనే తెలుస్తుంది. నేను అనువాదాలు చేస్తాను. రోమన్‌లో చిత్తుప్రతి పంపినవాళ్ల తెలుగు చదివితే పొడిపొడిగా ఉంటుంది. తెలుగే రాని మిషన్ మీద తెలుగు కథలు రాయడం ముచ్చట కోసం తప్ప దేనికి?

నాగోల్_పాసింజర్

మేడమ్, ఆర్‌టీఎస్ నేను కనిపెట్టింది కాదు. పేరులోని ఆర్ అక్షరం రైస్ విశ్వవిద్యాలయానిది. యూనికోడ్ ఇంకా మన చేతికి రాని రోజుల్లో న్యూస్‌గ్రూపుల్లో తెలుగువాళ్లు పద్యాలతో సహా దాన్లోనే రాసుకున్నారు, పోట్లాడుకున్నారు. క్యాపిటల్ లెటర్ వేస్తే దీర్ఘం, అలవాటైతే చెయ్యి దానంతటదే పోతుంది. ఇప్పుడు ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునేవాళ్లంతా చేస్తున్నది ఏమిటి? మధ్యలో ఆగి వెనక్కి చూడకుండా రాయగలుగుతున్నానంటే నాకు ఈ మిషన్ వల్లే.

గోదావరి_గట్టు

వెనక్కి చూడకుండా రాయడం గొప్పా?

ఫ్రీమాంట్_బాబాయ్

నేను ఇండియా వచ్చినప్పుడల్లా ఒకటో రెండో తెచ్చిపెడుతున్నాను. ఇక్కడ అమెరికాలో కూడా ధరలు పెరిగాయి. పని చేయనివాటిని కూడా "విడిభాగాలకు" అని చెప్పి బాగా లాగుతున్నారు. అంతే, చెప్పాలనిపించింది.

సోల్డర్_మావయ్య

ధరలు ఎందుకు పెరిగాయో చెప్పనా? రోజూ వాడి, కేబుల్ తెంచుకుని, ఇంకోటి కొని, దాని కేబుల్ పీకి మొదటిదానికి వేసుకునేవాళ్ల వల్ల. ఒకటి బతకడానికి ఒకటి పోతోంది. ఇలా ఎన్నాళ్లు?

నాగోల్_పాసింజర్

ఆ లెక్క మీరు చెబుతున్నారా? అయితే ఈ సంగతీ అందరికీ తెలియనివ్వండి. పోయిన ఏడాది నా తెర మీద గీతలొస్తే మీకు మెసేజ్ పెట్టాను. మీ దగ్గర చచ్చిన 5ఎంఎక్స్‌లు ఉన్నాయని, ఫోటో కూడా మీరే పెట్టారు. ఒకటి అమ్మండి, ఎంతైనా ఇస్తానన్నాను. "అవి అమ్మకానికి లేవు" అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. చచ్చిన మిషన్లు బీరువాలో ఏం చేస్తున్నాయి? మ్యూజియం పెడతారా? పని చేసేదాన్ని వాడొద్దు, పని చేయనిదాన్ని ఇవ్వను. ఇది కాపాడటం కాదు, కూడబెట్టడం.

గండిపేట్99

పాప్‌కార్న్.

రెండు_పెన్సిల్_సెల్స్

రీఛార్జబులే అన్నారు గానీ ఏ రకమో చెప్పలేదు. మామూలువి వాడకుండా ఉంచినా ఛార్జ్ కారిపోతుంది. ఎనెలూప్ లాంటివయితే నెలల తరబడి నిలుస్తుంది. ఈ తేడా తెలియకుండా మీరిద్దరూ ఎంత వాదించుకున్నా ఉపయోగం లేదు.

సోల్డర్_మావయ్య

కూడబెట్టానన్నావు కాబట్టి ఇప్పుడు పూర్తిగా చెబుతాను. సెల్స్ బాబూ, నువ్వు కాసేపు ఆగు.

ఈ గుంపులో ఎవరి మిషన్ పోయినా నా దగ్గరికే వస్తుంది. పార్సిల్ విప్పాలి. బిగుసుకుపోయిన ప్లాస్టిక్ పగలకుండా మూత ఊడదీయాలి. పాత కేబుల్ తీసి, కొత్తది లైన్ మీద లైన్ సరిగ్గా కూర్చునేలా భూతద్దం కింద పెట్టాలి. ఒక సాయంత్రం మొత్తం పోతుంది. కూలి అడగను. పార్సిల్ ఖర్చు కూడా కొందరు పంపరు. ఒకసారి దారిలో మూత విరిగి వస్తే, నేనే విరగ్గొట్టానని ఇదే వేదికలో రాశారు. బాగుచేసి పంపిన కొన్నాళ్లకే మళ్లీ అదే మిషన్, అదే జబ్బు. "మెట్రోలో వాడాను మావయ్య గారూ" అని నవ్వు బొమ్మ.

ఆ చచ్చినవాటిలో ఉన్న పార్టులతోనే మీ అందరి మిషన్లూ లేస్తున్నాయి. నీకు ఒకటి అమ్మితే దాని తెర, కీలు, మూత అన్నీ ఒక్కడి దగ్గరికి పోతాయి. నా దగ్గరుంటే ముగ్గురికి పనికొస్తాయి. అందుకే ఇవ్వలేదు. నాకు కళ్లు తగ్గుతున్నాయి. రోజూ వాడుకోవడం నీ హక్కు అంటున్నావు, మంచిది. అది చెడిపోయిన ప్రతిసారీ బాగుచేయడం నా డ్యూటీ అని ఎవరు రాశారు? నేను వాడొద్దన్నది మిషన్ మీద జాలితోనే అనుకున్నావా?

ఫ్రీమాంట్_బాబాయ్

ఈ మాట మొదటే చెబితే సరిపోయేది కదా సార్.

నాగోల్_పాసింజర్

నిజమే, మొదటే అనాల్సింది. "వారసత్వం", "మనవడు" అని తిప్పి తిప్పి చెప్పడం ఎందుకు?

నా వైపు కూడా వినండి. నేను మిమ్మల్ని మిషన్ ఒక్కటే అడగలేదు. ఆ మెసేజ్‌లోనే కింద, పోనీ కేబుల్ మార్చడం నేర్పండి, ఫోటోలు పెట్టండి, నేను చేసుకుంటానని రాశాను. దానికి జవాబే లేదు. ఎవరికీ నేర్పరు, పార్టులు ఇవ్వరు, తర్వాత పనంతా నా మీద పడిందంటారు. అందరూ మీ గుమ్మం ముందు నిలబడేలా చేసింది ఎవరు?

సోల్డర్_మావయ్య

ఫోటోలు ఒకప్పుడు పెట్టాను. నువ్వు అప్పటికి చేరలేదు. అవి చూసి ఒక కుర్రాడు వంటింటి చాకుతో మూత లేపి, కేబుల్‌తో పాటు దాని సాకెట్ కూడా బోర్డు నుంచి ఊడబెరికాడు. తర్వాత నాకు ఫోన్ చేసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆ రోజే ఫోటోలు తీసేశాను. ఆ సాకెట్ పోతే బోర్డు పోయినట్టే. ఫోటో చూపిస్తుంది గానీ, ఎంత బలం పెట్టాలో చెప్పదు.

గోదావరి_గట్టు

వీడియో అయితే?

ఫ్రీమాంట్_బాబాయ్

ఇంకో దారి. కొత్త రిబ్బన్ కేబుల్స్ చేయించుకోవచ్చు. పాతది ఒకటి కొలతలకు ఇస్తే ఫ్లెక్స్ బోర్డులు చేసేవాళ్లు చేస్తారు. అయితే ఒకటీ రెండూ చేయరు, లాట్‌గా తీసుకోవాలి. డబ్బు నేను ముందు పెట్టగలను. చేతికొచ్చాక వేసేది ఎవరన్నదే ప్రశ్న. మావయ్య గారే అయితే మళ్లీ మొదటికొస్తాం.

నాగోల్_పాసింజర్

నేను వేస్తాను. నాకు నేర్పితే హైదరాబాద్ వైపు వచ్చేవన్నీ నేను చూసుకుంటాను. ఉచితంగా కాదు, ఇంత అని పెట్టి. మావయ్య గారూ, మీరూ ఇంత అని పెట్టాల్సింది. ఊరికే చేసి తర్వాత మనసులో లెక్కలు వేసుకోవడం ఎవరికీ మంచిది కాదు.

సోల్డర్_మావయ్య

డబ్బు సంగతి నాకు చెప్పకు. నేర్చుకుంటానంటే షరతులు ఉన్నాయి. విశాఖ రావాలి. ముందు చచ్చిన మిషన్ల మీద చేయాలి, నీదాని మీద కాదు. నేను సరే అనేదాకా ఎవరి మిషన్ ముట్టుకోకూడదు. నేర్చుకున్నాక నీ మెట్రో ప్రయాణం నీ ఇష్టం, రోజుకు వందసార్లు తెరుచుకో, నేను మాట్లాడను. వస్తావా రావా పర్సనల్ మెసేజ్‌లో చెప్పు. ఈ థ్రెడ్‌లో నేనిక రాయను.

నాగోల్_పాసింజర్

సెలవు దొరికితే వస్తాను. రోజూ వాడటం తప్పని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

గోదావరి_గట్టు

విశాఖ అంటే మాకు దగ్గరే, నేనూ రావచ్చా? ఇందాక చెప్పలేదు గానీ మా నాన్నగారి సైయాన్ 3ఎ నా దగ్గరుంది, 1993 మోడల్. అందులో నేను ఇంగ్లిష్ మాత్రమే రాస్తాను, పాసింజర్ గారు గమనించగలరు. మూత కీలు దగ్గర ప్లాస్టిక్ పగిలింది, తెర ఒక్కోసారి ఆరిపోతోంది.

సోల్డర్_మావయ్య

3ఎ కేబుల్ దారి వేరు, దానికి ఇవి పనికిరావు. పగులు ఎడమ పక్కనా, కుడి పక్కనా? మూత ఇంక తెరవకండి. ఫోటో పెట్టండి.