రోలాండ్ గారోస్ నిజంగా తొలి ‘ఏస్’ పైలట్టేనా?

ప్రశ్న:
2012లో సానియా మీర్జా, మహేష్ భూపతి ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచినప్పటి నుంచి, ఆ టోర్నీ జరిగే స్టేడియానికి పేరు పెట్టిన రోలాండ్ గారోస్ అంటే ఎవరో పాతకాలపు టెన్నిస్ ఆటగాడనే అనుకుంటున్నాను. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఫ్రెంచ్ పైలట్ అని ఈ మధ్యే తెలిసింది. కొందరు ఆయనను ప్రపంచపు తొలి ‘ఏస్’ అంటున్నారు, కూల్చినవి నాలుగే అని కూడా వాళ్లే రాస్తున్నారు. ఐదు కూలిస్తేనే కదా ఆ మాట వర్తించేది?

జవాబు 1:
మీ సందేహం సబబైనదే. తొలి ఏస్‌గా సాధారణంగా చెప్పేది మరో ఫ్రెంచ్ పైలట్ అడాల్ఫ్ పెగూ పేరు. అయినా గారోస్ ప్రాముఖ్యాన్ని కూల్చిన విమానాల సంఖ్యతో కొలవడం పొరపాటని నా అభిప్రాయం. ఒంటరి పైలట్ తన విమానాన్నే తుపాకీలా శత్రువు వైపు గురిపెట్టి కాల్చాలంటే, ముందు తిరుగుతున్న ప్రొపెల్లర్‌ను తూటాలు ముక్కలు చేయకూడదు. తూటా పేలే క్షణాన్ని ప్రొపెల్లర్ తిరుగుడుతో కలిపే యంత్రాన్ని రేమండ్ సోల్నియే అప్పటికే రూపొందించినా, కొన్ని తూటాలు ఆలస్యంగా పేలుతుండడంతో దాన్ని నమ్ముకోలేకపోయారు. అందువల్ల గారోస్ ప్రొపెల్లర్ ఆకులకు, తూటాలు తగిలేచోట, వాలుగా ఉండే ఉక్కు ముక్కలు బిగించుకున్నారు. చాలా తూటాలు ఆకుల సందుల్లోంచి దూసుకుపోయేవి, తగిలినవి పక్కకు చెదిరిపోయేవి. నాకైతే ఇది ధైర్యం కన్నా మొండితనమనిపిస్తుంది. ఏదేమైనా 1915 ఏప్రిల్ 1 నుంచి 18 లోపు ఆయన మూడు జర్మన్ విమానాలను కూల్చారు.

జవాబు 2:
పై జవాబుకు కొనసాగింపుగా ఒక మాట. ఆ 18వ తేదీనే గారోస్ బెల్జియంలో శత్రువుల అధీనంలోని నేలపై దిగవలసి వచ్చింది. విమానానికి నిప్పంటించినా అది పూర్తిగా కాలకముందే ఆయన పట్టుబడ్డారు. జర్మన్ సైన్యానికి విమానాలు తయారుచేసిన ఫోకర్ ఆ ఉక్కు ముక్కల పరికరాన్ని చూసి కాపీ కొట్టాడని తరచూ రాస్తుంటారు గానీ అది సరికాదు. ఉక్కు ముక్కల పద్ధతి జర్మన్ తూటాలకు పనికిరాలేదు. ఫోకర్ సంస్థ తయారుచేసింది తూటాను ప్రొపెల్లర్‌తో జతకలిపే యంత్రాన్ని. అది బిగించిన ఐండెకర్ విమానాలు ఆ వేసవి నుంచి కొన్ని నెలలపాటు ఫ్రెంచ్, బ్రిటిష్ పైలట్లను హడలెత్తించాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి నాలుగోది ఎప్పుడు కూల్చారు? స్టేడియానికి ఆయన పేరెలా వచ్చింది?

జవాబు 1:
దాదాపు మూడేళ్లు యుద్ధ ఖైదీగా ఉండి, 1918 ఫిబ్రవరిలో సహఖైదీ ఆన్సెల్మ్ మార్షల్‌తో కలిసి జర్మన్ అధికారుల వేషంలో తప్పించుకున్నారు. అప్పటికి చూపు మందగించింది, వైమానిక యుద్ధపు తీరే మారిపోయింది. అయినా తిరిగి విమానమెక్కి, అక్టోబరు 2న నాలుగో విజయం సాధించారు. మూడు రోజులకే, 30వ పుట్టినరోజుకు ముందు రోజు, వూజియే దగ్గర ఆకాశ పోరులో మరణించారు. ఇక స్టేడియం సంగతి: 1928లో దాన్ని కట్టడానికి స్థలమిచ్చిన స్టాడ్ ఫ్రాన్సే క్లబ్బులో గారోస్ కూడా సభ్యుడు. ఆయన సహాధ్యాయి అయిన క్లబ్బు అధ్యక్షుడు ఎమిల్ లెసియర్ ఆ పేరే పెట్టాలని పట్టుబట్టారు.