విషాద సారంగధర చివర మీననాథుడు రావచ్చునా?

మూడో వరుస: నిన్న రాత్రి ఒక నాటక సమాజం వారు ధర్మవరం రామకృష్ణమాచార్యుల విషాద సారంగధర ఆడారు. సవతి తల్లి చిత్రాంగి వేసిన నిందను నమ్మి రాజరాజనరేంద్రుడు కొడుకు సారంగధరుడి కాళ్లూ చేతులూ నరికించే ఘట్టం వరకు ప్రేక్షకులు కదలలేదు. అంతలో, నాటకకర్త వద్దనుకున్న మీననాథుడనే సిద్ధుడు ఎక్కడినుంచో ఊడిపడి, అవయవాలు మొలిపించి, అందరి చేతా మంగళం పాడించాడు. తెలుగులో తొలి విషాదాంత నాటకమని పేరు పొందిన రచనను ఇలా ముగించడం న్యాయమేనా?

గోదావరి గట్టు: 15వ శతాబ్దిలో గౌరన రాసిన నవనాథ చరిత్రలోనే సిద్ధుని కరుణ వల్ల సారంగధరుడు కోలుకుని చౌరంగి అనే సిద్ధుడయ్యాడు. ఆంగ్ల నాటకాల ప్రభావంతో ఆచార్యులవారు తీసేసినదాన్ని మనవాళ్లు తిరిగి పెట్టుకుంటే తప్పేమిటండీ? రంగం మీద మరణం చూపరాదన్నది నాట్యశాస్త్ర మర్యాద కూడా.

మూడో వరుస: సంస్కృత నాటకకర్త భాసుని ఊరుభంగంలో దుర్యోధనుడు రంగం మీదే ప్రాణం విడుస్తాడు. గణపతిశాస్త్రి గారు భాస నాటకాలను తిరువనంతపురంలో అచ్చువేయడం మొదలుపెట్టిన 1912లోనే ఆచార్యులవారు కన్నుమూశారు గనుక ఆ సాక్ష్యం ఆయనకు అందలేదు. మీకు అందింది కదా.

గోదావరి గట్టు: ఆ దుర్యోధనుడు తనకోసం హంసల విమానం వచ్చిందంటూ పోతాడు. ఈ పిల్లవాడికి ఏ విమానం వచ్చింది?

పద్యప్రియుడు: చిత్రాంగి వేషధారి పద్యాలు ఎలా పాడారో ఎవరూ చెప్పరేం?

హార్మోనియం: ఇటువంటి సమాజంలోనే వాయిస్తాను కాబట్టి చెబుతున్నాను. ఒక ఊరి తిరునాళ్లలో విషాదంగానే తెర దించినందుకు, శుభమా అని ఆడిస్తే చావు చూపించారంటూ కమిటీ వారు ఒప్పుకున్న సొమ్ములో సగం ఎగవేశారు. అప్పటినుంచి మీననాథుడు లేనిదే మేము తెర దించము.

మూడో వరుస: మీ డబ్బు బాధకూ నాటకకర్త రచనకూ సంబంధం లేదు.

హార్మోనియం: ఉచితంగా చూసి వెళ్లేవారికి ఉండదు లెండి.

మూడో వరుస: సరే, సూటిగానే చెబుతాను. నా కోపం మీననాథుడి మీద కాదు, రాజు మీద. చేతులు మొలవగానే తండ్రి కొడుకును కౌగిలించుకున్నాడు, జనం చప్పట్లు కొట్టారు; విచారణ లేకుండా శిక్ష వేసినవాడు ఏమీ పోగొట్టుకోలేదు. కొడుకు కోసం చూసిన పిల్లను తానే కట్టుకున్నాడని కొన్ని పాఠాల్లో ఉన్నా, తిట్లన్నీ చిత్రాంగికే.

గోదావరి గట్టు: ఇప్పుడు అర్థమైంది. మీకు రాజుకు శిక్ష పడాలి, నాకు పిల్లవాడు బతకాలి. తండ్రికి బుద్ధి రావడానికి ఏ పాపమూ ఎరుగని కొడుకు కాళ్లూ చేతులూ లేకుండా చావాలనడం నాకు రాజాజ్ఞ కంటే క్రూరంగా కనిపిస్తోంది.

మూడో వరుస: చావాలని నేను అనడం లేదు. చంపినవాడిని క్షమించే పని మీననాథుడికి అప్పగించవద్దంటున్నాను.

హార్మోనియం: వచ్చే నెల మళ్లీ ఆడుతున్నాము. కాళ్లూ చేతులూ వచ్చాక సారంగధరుడు తండ్రి వైపు చూడకుండా సిద్ధుని వెంట వెళ్లిపోయేలా ఆడించమని మా వాళ్లను అడుగుతాను. మంగళం మాత్రం తప్పదు.

మూడో వరుస: అలాగైతే టిక్కెట్టు కొనుక్కుని మరీ వస్తాను.

గోదావరి గట్టు: నేను రాను. కొడుకు క్షమించని తండ్రిని చూపించడానికి సిద్ధుడు దేనికండీ?