మే చివర్లో స్కాట్లాండ్ దీవుల్లో ట్రౌట్ వేట: 7 రాత్రుల ప్లాన్ చూసి చెప్పండి

నీటికాకి:
నలుగురం, ఒకే కారు. ఇంగ్లండ్ నుంచి నడుపుకుంటూ వస్తాం. మే ఆఖరి వారం, శనివారం నుంచి శనివారం దాకా. ఇద్దరికి ఫ్లై (ఈకలు, బొచ్చుతో పురుగులా కట్టిన గాలం) విసరడం బాగా వచ్చు, మిగతా ఇద్దరూ ఇంకా నేర్చుకుంటున్నారు. బ్రౌన్ ట్రౌట్ ఒక్కటే కావాలి, సాల్మన్ జోలికి పోం.

ప్లాన్ ఇదీ: లూయిస్‌లో 2 రాత్రులు, హారిస్‌లో 2, సౌత్ యూయిస్ట్‌లో 2, బారాలో 1. ప్రధాన భూభాగంలోని ఓబన్ రేవు మీదుగా వెనక్కి.

అడగాల్సినవి: ఇది జరిగే పనేనా? స్కాట్లాండ్‌లో లైసెన్సు అక్కర్లేదంటున్నారు, నిజమేనా? ఏ ఫ్లైలు పట్టుకెళ్లాలి? నేర్చుకునేవాళ్ల కోసం స్పిన్నింగ్ రాడ్లు (ఫ్లై కాకుండా బరువైన ఎర విసిరేవి) కూడా పెట్టుకోవచ్చా?

రేవుకాడ:
మ్యాప్ మీద దీవులన్నీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి అందరూ మొదట ఈ ప్లానే వేస్తారు. లెక్క చూడండి. అల్లాపూల్ నుంచి స్టోర్నోవే ఫెర్రీ రెండున్నర గంటల పైమాటే. స్టోర్నోవే నుంచి లెవర్‌బరో దాకా రోడ్డు మీద గంటన్నర. అక్కడి నుంచి బెర్నెరే ఫెర్రీ ఇంకో గంట. అది రాళ్ల మధ్య మెలికలు తిరుగుతూ పోయే దారి, పగటిపూటే నడుపుతారు. తర్వాత కాజ్‌వేల (దీవుల మధ్య నీటి మీద కట్టిన రోడ్లు) మీదుగా సౌత్ యూయిస్ట్. బారాకి వెళ్లాలంటే ఎరిస్కే నుంచి మళ్లీ 40 నిమిషాల ఫెర్రీ. కాసల్‌బే నుంచి ఓబన్‌కి దాదాపు 5 గంటలు. ఏడు రోజుల్లో మూడు రోజులు క్యూల్లోనే పోతాయి. పైగా గాలి లేచి ఒక్క ఫెర్రీ రద్దయితే దాని వెనక బుకింగులన్నీ కూలతాయి.

ఒక్కచోట మకాం పెట్టండి. నన్నడిగితే సౌత్ యూయిస్ట్. దారి: స్కై దీవిలో ఊయిగ్ నుంచి లోఖ్‌మ్యాడీకి ఫెర్రీ, గంటా ముప్పావు. నార్త్ యూయిస్ట్, బెన్‌బెక్యులా, సౌత్ యూయిస్ట్, ఎరిస్కే అన్నీ కాజ్‌వేలతో కలిసి ఉన్నాయి కాబట్టి అక్కడ దిగాక మళ్లీ ఫెర్రీ గొడవ లేదు. కారుకి చోటు ముందు బుక్ చేసి, అది ఖాయమయ్యాకే ఇల్లు తీసుకోండి. తిరగేసి చేస్తే ఇల్లు ఉంటుంది, పడవలో చోటుండదు.

సౌత్ యూయిస్టే ఎందుకంటే, అక్కడ రెండు రకాల నీళ్లు ఉన్నాయి. పడమటి తీరాన మాఖర్ అనే గడ్డి మైదానం. దాని ఇసకంతా గవ్వల పొడి, అంటే సున్నం. ఆ సున్నం వల్ల గ్రోగారీ, స్టిల్లిగారీ, బోర్నిష్ లాంటి లోఖ్‌లలో (స్కాట్లాండ్‌లో సరస్సుని అలా అంటారు) నత్తలు, చిన్న రొయ్యజాతి పురుగులు దండిగా ఉంటాయి. చేప త్వరగా పెరుగుతుంది; అరకిలో చేప అక్కడ వింతేమీ కాదు. తూర్పున కొండల కింద పీట్ నేల (మొక్కలు కుళ్లి ఏర్పడిన మెత్తటి బురదనేల), పుల్లటి నల్లనీళ్లు, మేత తక్కువ. చేప పావు కిలో తూగితే గొప్ప, కానీ ఆకలి మీద ఉంటుంది కాబట్టి ఫ్లైని ఊరికే వదలదు. నేర్చుకునేవాళ్లని మొదటి రెండు రోజులు తూర్పుకే పంపండి. మాఖర్ లోఖ్‌లో రోజంతా విసిరి ఒక్క చేపా పడకపోతే కొత్తవాళ్లకి విసుగొస్తుంది.

మే ఆఖరు మంచి సమయమే. జులై వచ్చేసరికి మాఖర్ లోఖ్‌లలో నాచు పైకి లేస్తుంది.

గట్టిముడి:
సామాను సంగతి నేను చెప్తా.

రాడ్ 10 అడుగులది, 6 లేదా 7 నంబరు (బరువుని బట్టి ఇచ్చే నంబరు) తేలే లైను. 9 అడుగులదీ పనిచేస్తుంది కానీ పడవలో కూర్చుని పై ఫ్లైని నీటి మీద ఆడించాలంటే ఆ అడుగే తేడా చూపిస్తుంది. నలుగురికీ కలిపి అదనంగా ఒక రాడ్ ఉండాలి. ఎక్కువ రాడ్లు విరిగేది కారు తలుపులో, చేప వల్ల కాదు.

లీడర్, అంటే లైను చివర కట్టే సన్నని దారం: 6 పౌండ్ల లాగుడు తట్టుకునే నైలాన్, మొత్తం 15 అడుగులు. డ్రాపర్ అంటే దాని మధ్యలో పక్కకి వేలాడే, ఫ్లై కట్టే కొస. లైను నుంచి మొదటి డ్రాపర్‌కి 6 అడుగులు, అక్కడి నుంచి రెండోదానికి 4న్నర, చివరి ఫ్లైకి ఇంకో 4న్నర. డ్రాపర్లు మూడు చుట్ల వాటర్ నాట్‌తో కట్టండి. బిగించేముందు ఉమ్మితో తడపాలి, లేకపోతే రాపిడి వేడికి నైలాన్ బలం పోతుంది. ముడి నుంచి రెండు కొసలు వస్తాయి: ఒకటి లైను వైపు, ఒకటి చివరి ఫ్లై వైపు. లైను వైపు చూసేదాన్ని కత్తిరించండి, కింది వైపు చూసే కొసకి ఫ్లై కట్టండి. ఆ కొస పై ముక్కకే కొనసాగింపు కాబట్టి చేప లాగుడు నేరుగా పై ముక్క మీద పడుతుంది. రెండో కొసకి కడితే లాగుడు ముడిని అడ్డంగా చీలుస్తుంది. డ్రాపర్ పొడవు 5 అంగుళాలు. ఎక్కువైతే లీడర్ చుట్టూ మెలేసుకుంటుంది. నేర్చుకునేవాళ్లకి మూడు ఫ్లైలు వద్దు. రెండు చాలు, గాలి ఎక్కువుంటే ఒక్కటే.

ఫ్లైలు 10, 12, 14 సైజులు. పైన బొచ్చు ఎక్కువున్నవి: సోల్జర్ పామర్, కేట్ మెక్‌లారెన్, బ్లూ జూలూ. నడుమ బిబియో లేదా బ్లాక్ పెనెల్. చివర ఇన్‌విక్టా లేదా పీటర్ రాస్. యూయిస్ట్ వెళ్తున్నారంటే క్లాన్ చీఫ్ తప్పక పెట్టుకోండి, అక్కడి నీళ్ల కోసం పుట్టిన ఫ్లై. పీట్ నీళ్లలో నలుపు, క్లారెట్ (ముదురు ఎరుపు) రంగులు. రకాలు తగ్గించి ఒక్కోటీ నాలుగేసి కొనండి. గాలికి పోయేవి పోతూనే ఉంటాయి.

ఇంకొకటి. విసిరాక లైను లాక్కుంటూ చివర్లో రాడ్ ఎత్తుతారు కదా, అప్పుడు పై ఫ్లై నీటి మీదికొచ్చి గీత గీస్తుంది. అక్కడ ఆపి రెండు మూడు సెకన్లు అలాగే ఉంచండి. వెనకే వచ్చిన చేప నోరు పెట్టేది చాలాసార్లు ఆ క్షణంలోనే. కొత్తవాళ్లు సరిగ్గా అప్పుడే పైకి లాగి మళ్లీ విసిరేస్తారు.

ఉత్తరపుగాలి:
లైసెన్సు మాట సగం నిజం. ఇంగ్లండ్‌లో లాగా ప్రభుత్వ రాడ్ లైసెన్సు అక్కడ లేదు. కానీ ప్రతి నీటికీ హక్కుదారు ఉంటారు, వాళ్ల పర్మిట్ కావాలి. 2003 భూసంస్కరణ చట్టం ఎక్కడైనా నడిచే హక్కు ఇచ్చింది కదా అని చాలామంది పొరబడతారు. ఆ హక్కులో చేపల వేట లేదు. సౌత్ యూయిస్ట్‌లో ఎస్టేట్ 2006 నుంచి స్థానిక ప్రజల సంస్థ స్టోరస్ యూయిస్ట్ చేతిలో ఉంది. పర్మిట్లు, పడవలు అక్కడే ముందుగా అడగండి.

స్పిన్నింగ్ రాడ్లు ఇంట్లో వదిలేయండి. ఈ దీవుల పర్మిట్లలో చాలావాటి మీద 'ఫ్లై మాత్రమే' అని ఉంటుంది. ఎన్ని చేపలు ఉంచుకోవచ్చో కూడా దాని మీదే చూడండి. సముద్రపు ట్రౌట్‌కి పర్మిట్ వేరు, పొరపాటున పడితే వదిలేయాల్సిందే. బ్రౌన్ ట్రౌట్ సీజన్ మార్చి 15 నుంచి అక్టోబర్ 6 వరకు, మీ తేదీలకి ఇబ్బంది లేదు. ఆదివారం చట్టం ఆపేది సాల్మన్, సముద్రపు ట్రౌట్ వేటనే. అయినా లూయిస్, హారిస్‌లలో ఆదివారం ప్రార్థనల రోజు, ట్రౌట్‌కి కూడా గాలం వెయ్యకపోవడమే మర్యాద. యూయిస్ట్‌లో పర్మిట్ ఇచ్చేవాళ్లని అడిగి తెలుసుకోండి.

మీ వేడర్లు (నీళ్లలో దిగేందుకు వేసుకునే బూట్ల ప్యాంట్లు), వలలు ఇంగ్లండ్ నీళ్లలో తడిసినవి కాబట్టి, వాటితో చేపల జబ్బులు దీవులకి రాకుండా, బయల్దేరేముందు కడిగి, 3% ఉప్పునీళ్లలో, అంటే 10 లీటర్లకి 300 గ్రాముల ఉప్పు, కనీసం 10 నిమిషాలు నానబెట్టి పూర్తిగా ఆరనివ్వండి.

రేవుకాడ గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. ఇద్దరు కొత్తవాళ్లున్నప్పుడు స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవులు ఇంకా సులువు. స్క్రాబ్‌స్టర్ నుంచి స్ట్రోమ్‌నెస్‌కి గంటన్నర. నార్స్ (వైకింగ్) కాలం నాటి ఉడల్ చట్టం వల్ల అక్కడి లోఖ్‌లలో ట్రౌట్ వేటకి పర్మిట్ అక్కర్లేదు. ఒడ్డుకి పోయే పొలం ఎవరిదో వాళ్లని అడిగితే చాలు. అయినా అక్కడి ట్రౌట్ ఫిషింగ్ అసోసియేషన్‌లో సభ్యత్వం తీసుకోవడం పద్ధతి. హారే లోఖ్ లోతు తక్కువ, ఒడ్డు నుంచి దిగి పట్టొచ్చు. కాకపోతే నీటి కిందే రాతి దిబ్బలుంటాయి, పడవ మోటారు ఫ్యాను వాటికి తగిలితే ఆ రోజు అయిపోయినట్టే.

నీటికాకి:
సరే, యూయిస్ట్ ఒక్కటే. స్పిన్నింగ్ రాడ్లు కూడా తీసేశాం. గాలి ఎంతవరకు ఫర్వాలేదు? పడవ మాలో ఎవరికీ పెద్దగా అలవాటు లేదు.

రేవుకాడ:
గంటకి 10 నుంచి 15 మైళ్ల గాలి, పైన మబ్బు: అంతకంటే మంచి రోజు దొరకదు. 20 దాటితే మీకు పడవ వద్దు. లోతు తక్కువ లోఖ్‌లలో అల పొట్టిగా, నిటారుగా లేచి పడవలోకి దూకుతుంది. గాలి అసలు లేకపోయినా కష్టమే. నీళ్లు అద్దంలా ఉంటే చేప మిమ్మల్ని ముందే చూస్తుంది, మిడ్జ్ అనే చిన్న దోమలు మొహాన్ని వదలవు. తలకి వల పెట్టుకోండి.

మొదటి రోజు గిల్లీని (పడవ నడిపి వేటలో సాయం చేసే స్థానికుణ్ణి) పెట్టుకోండి. మోటారు నడపడం, రాళ్లు ఎక్కడున్నాయో అతనికి తెలుసు. గిల్లీతో కలిపి పడవకి ముగ్గురే, కాబట్టి ఒక పూట ఇద్దరు పడవ, ఇద్దరు ఒడ్డు. పడవని గాలికి అడ్డంగా పెట్టి, గాలి వచ్చే వైపు డ్రోగ్ అనే గుడ్డ గొడుగు నీళ్లలో వదిలితే మెల్లగా జారుతుంది. ఇద్దరూ గాలి పోయే వైపే చూస్తూ, కూర్చునే విసరాలి. ఇద్దరూ కుడిచేతివాళ్లయితే ఎడమ కొసన ఉన్నతని ఫ్లై పక్కతని తల మీదుగా పోతుంది. అతను రాడ్‌ని నిట్టనిలువుగా ఎత్తి విసరాలి. అందుకే ఎడమ కొసన బాగా వచ్చినవాణ్ణి కూర్చోబెట్టండి. లైఫ్ జాకెట్, కళ్లద్దాలు అందరికీ.

ఒడ్డున ఉన్నవాళ్లు కుడిచేతివాళ్లయితే గాలి ఎడమ పక్క నుంచి వచ్చే ఒడ్డు వెతుక్కోవాలి. లేకపోతే గాలం చెవికి గుచ్చుకుంటుంది. మాఖర్ వైపు అడుగు చాలాచోట్ల గట్టి ఇసక, మెల్లగా దిగొచ్చు. తూర్పున పీట్ అంచుల్లో దిగొద్దు, మోకాలి దాకా కూరుకుపోతారు. దిగే అవసరమూ లేదు, చేప ఒడ్డుకి రెండు గజాల్లోనే ఉంటుంది. నీటికి నాలుగడుగులు వెనక నిలబడి మొదటి విసురు ఒడ్డు వెంబడే వెయ్యండి. చిన్న దీవి మీద ఎర్ర గొంతు డైవర్ పక్షి గూడు కనిపిస్తే ఆ లోఖ్ వదిలేసి పక్కదానికి పొండి, కొండ మీద లోఖ్‌లకి కొరతేం లేదు.