ఏళ్ల తరబడి నిలిచే వేట సామాను ఏది? వాడినవాళ్లు చెప్పండి

వేట సామాను ఒక్కసారే మంచిది కొనుక్కుని, ఇరవై ముప్పై ఏళ్లు మళ్లీ కొనే పని లేకుండా చూసుకోవాలని ఉంది. నిజంగా అన్నేళ్లు వాడినవాళ్ల సలహా కావాలి, కొన్న కొత్తలో అన్నీ బాగానే ఉంటాయి.

ముందు బూట్లు. నా పాత జతకి తోలు చెక్కుచెదరలేదు, కానీ సోల్‌లోని పాలీయురేథేన్ పొర తేమకి పాడై, అసలు వాడకుండా బీరువాలో ఉండగానే పొడిపొడిగా రాలిపోయింది, అతికించడానికి కూడా ఏమీ మిగల్లేదు. గుడ్‌ఇయర్ వెల్ట్ కుట్టు (సోల్‌ని అంచు పట్టీకి దారంతో కుట్టే పద్ధతి) ఉన్నవైతే అరిగిన సోల్ విప్పి కొత్తది వేయించుకోవచ్చు కదా, మరి రాళ్ల మీద రోజంతా నడిస్తే ఆ బూట్ల బరువుకి కాళ్లు పట్టేస్తాయా? మీరు ఎన్నిసార్లు సోల్ మార్పించారు?

జాకెట్‌కి మైనం పట్టించిన కాటన్ వైపే మొగ్గుతున్నా. ముళ్లకి చిరిగితే కుట్టుకోవచ్చు, మైనం మనమే మళ్లీ రుద్దుకోవచ్చు. లోపల వాటర్‌ప్రూఫ్ పొర ఉన్నవాటిలో ఆ పొర ఊడొచ్చిందంటే జాకెట్ పని అయిపోయినట్టే.

కత్తి మాత్రం మడత లేనిది, ఉక్కు పిడి చివరిదాకా ఉన్నదే తీసుకుంటా. 1095 రకం లాంటి కార్బన్ స్టీల్ త్వరగా పదునెక్కుతుంది, కానీ నెత్తురు తడి అలాగే వదిలేస్తే తుప్పు ఖాయం. నూనె రాసే ఓపిక ఉన్నా స్టెయిన్‌లెస్సే నయమంటారా?

బైనాక్యులర్స్ సంగతి కూడా చెప్పండి. నైట్రోజన్ నింపినవాటికి లోపల ఆవిరి పట్టదు సరే, సీల్ రబ్బరు పాతబడ్డాక ఎవరైనా మార్పించారా?