పితృనామం, ఇంటిపేరు: రెండూ ఒకటేనా?

తండ్రి పేరు నుంచి పుట్టే పేరును ఇంగ్లిష్‌లో 'పాట్రనిమిక్' అంటారు. ఆ మాటను 'ఇంటిపేరు' అని తెలుగు చేయవచ్చా అని అడిగారు. వద్దండి. 'పితృనామం' అనండి. ఇంటిపేరు తరాలు గడిచినా మారదు. పితృనామం ప్రతి తరంలో కొత్తగా పుడుతుంది.

ఐస్‌లాండ్‌లో యోన్ అనే ఆయన కొడుకు యోన్సన్, కూతురు యోన్స్‌దోత్తిర్. తోడబుట్టినవాళ్లకే చివరి మాట ఒకటి కాదు. ఆ కొడుక్కి పిల్లలు పుడితే వాళ్లకు యోన్సన్ రాదు, అతని సొంత పేరు నుంచి కొత్త మాట వస్తుంది. 1980లో ఆ దేశానికి అధ్యక్షురాలిగా ఎన్నికైన విగ్దీస్ ఫిన్‌బోగదోత్తిర్‌ను అక్కడ 'విగ్దీస్' అనే అంటారు. రెండో మాటకు 'ఫిన్‌బోగి కూతురు' అని అర్థం, అంతే.

రష్యన్‌లో రెండూ పక్కపక్కనే ఉంటాయి. లేవ్ నికొలాయెవిచ్ టాల్‌స్టాయ్‌లో నికొలాయెవిచ్ అంటే నికొలాయ్ కొడుకు, టాల్‌స్టాయ్ వంశానిది. మర్యాదగా పిలవాలంటే వంశనామం వదిలేసి 'లేవ్ నికొలాయెవిచ్' అంటారు. అనువాదకులు దీన్ని ఇంటిపేరు అనుకుంటే సంభాషణలోని ఆ మర్యాద మొత్తం పోతుంది.

సంస్కృతంలో ఈ తేడాను పాణిని ఎంత శ్రద్ధగా పట్టుకున్నాడో చూడండి. 'తస్యాపత్యమ్' అనే సూత్రం కింద సంతానాన్ని చెప్పే ప్రత్యయాలు వస్తాయి. దశరథుడి కొడుకు దాశరథి. ఆ తర్వాత 'అపత్యం పౌత్రప్రభృతి గోత్రమ్' అన్నాడు, అంటే మనవడి నుంచి కిందికి వచ్చే సంతానానికి 'గోత్రం' అని పేరు. గర్గుడి కొడుకు గార్గి, మనవడు గార్గ్యుడు. కొడుకును చెప్పే మాట వేరు, వంశాన్ని చెప్పే మాట వేరు! అందుకే రాముడు దాశరథీ అవుతాడు, రాఘవుడూ అవుతాడు. కుశుడు రాఘవుడే గానీ దాశరథి కాడు. నాకు ఇది ఎన్నిసార్లు చదివినా ఒళ్లు పులకరిస్తుంది.

మరి ఆండర్సన్ అనే పేరు సంగతేమిటి? అందులోనూ 'కొడుకు' ఉంది కదా?

ఉందండి, పుట్టుక అదే. కానీ స్వీడన్‌లో ఇప్పుడు ఆడవాళ్లూ ఆండర్సన్‌లే, వాళ్ల నాన్న పేరు ఆండర్స్ కానక్కర్లేదు. ఒక తరం దగ్గర ఆగి గడ్డకట్టిన పితృనామం అది. ఇప్పుడది ఇంటిపేరే. వేల్స్ పేర్లలో ఆ గడ్డకట్టడం చెవికి వినిపిస్తుంది కూడా. అక్కడ 'అప్' అంటే కొడుకు. 'అప్ రీస్' కలిసిపోయి ప్రైస్ అయింది, 'అప్ హవెల్' పావెల్ అయింది. మొదట్లో మిగిలిన ఆ పకారమే పాత 'కొడుకు'.

తల్లి పేరు నుంచి వస్తే?

మాతృనామం. సుమిత్ర కొడుకు సౌమిత్రి, కుంతి కొడుకు కౌంతేయుడు. కర్ణుడికి కౌంతేయుడు, రాధేయుడు రెండూ చెల్లుతాయి. కన్న తల్లికీ పెంచిన తల్లికీ ప్రత్యయం ఒకటే.