పేగు పట్టే గ్రాస్పర్‌కి పళ్ళుండాలా, నున్నగా ఉండాలా?

విశాఖ_మెకానికల్:
ఫైనలియర్ ప్రాజెక్టుకి లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్) గ్రాస్పర్ చేస్తున్నాం. పేగు నలగకూడదని జా (కొసన పట్టే దవడలు) రెండూ నున్నగా పాలిష్ పట్టించాం. మేక పేగు మీద పెడితే జారిపోతోంది. పళ్ళు పెడితే చిల్లు పడుతుందని భయం. థియేటర్లో చేసేవాళ్ళు చెప్పండి.

గుంటూరు_సర్జన్:
జారితే మేం ఇంకా గట్టిగా నొక్కుతాం, పేగుకి దెబ్బ తగిలేది అప్పుడే. డీబేకీ ఫోర్‌సెప్స్‌ని (ఒక రకం పట్టుకారు) భూతద్దం కింద చూడండి. ఒక పక్క సన్నపళ్ళు ఒకే వరస, ఎదుటి పక్క రెండు వరసలు. ఆ ఒక్కటీ ఈ రెండింటి సందులో కూర్చుంటుంది. రక్తనాళాల కోసం వచ్చిన పరికరం, పట్టు నిలుస్తుంది, నాళం నలగదు. బాబ్‌కాక్ అనే ఇంకో పట్టుకారుకి కొసలో కిటికీలా ఖాళీ ఉంటుంది, పేగు అందులోకి కాస్త ఉబ్బి తక్కువ ఒత్తిడికే ఆగుతుంది. కొసన పళ్ళుండే ఆలిస్‌ పట్టుకారుతో మాత్రం పేగు పట్టకండి, కోసి తీసేసే ముక్కయితే సరే.

ఇంకోటి, మీ జా కత్తెరలా మూసుకుంటుంటే కీలు దగ్గర పడ్డ పేగు తలుపు సందులో వేలే. జా పొడవు పెంచండి, అంచులు గుండ్రంగా తిప్పండి.

థియేటర్_సిస్టర్:
సార్ చెప్పింది పేగుకి. చర్మం కుట్టేటప్పుడు పళ్ళున్న ఆడ్సన్ ఫోర్‌సెప్సే నయం, చిన్న పట్టుకే ఆగుతుంది. నున్నటిదిస్తే అంచు నలిపేస్తారు. తమ్ముడూ, మీ హ్యాండిల్‌కి రాట్చెట్ (నొక్కినచోటే ఆపే లాక్) ఉందా? పేగు పట్టేదానికి వద్దు. లాక్ వేసి మర్చిపోతే అంతసేపూ ఒకేచోట నొక్కుకుపోతుంది. పళ్ళ సందుల్లో రక్తం ఎండిపోతుంది కూడా, బ్రష్ దూరేలా ఉంచండి. కడిగేవాళ్ళని ఎవరూ అడగరు, అందుకే చెప్తున్నా.

కంటి_ఓటీ:
మా దగ్గర పని ఇంకా సున్నితం, కంటి లెన్స్ వెనక పొర నడుమ మందం సుమారు 4 మైక్రాన్లే. ఫోర్‌సెప్స్ టైటానియంవి వాడతాం. స్టీలుకి అయస్కాంతం పట్టిందంటే సూది అతుక్కుని వదలదు.

విశాఖ_మెకానికల్:
థాంక్స్ అండీ. కొసలో ఫోర్స్ సెన్సర్ పెడితే?

గుంటూరు_సర్జన్:
ఆవిరి స్టెరిలైజేషన్ 134 డిగ్రీల దాకా వెళ్తుంది, సెన్సర్ తట్టుకోవాలి. ఆపరేషన్లు చేసే డావిన్సీ రోబోలకే బలం చేతికి తెలిసే పరికరాలు 2024లో డావిన్సీ 5తో వచ్చాయి. అంతకుముందు పొర ఎంత సాగుతోందో కంటితో చూసి అంచనా వేయడమే. మీకైతే లోపలి రాడ్‌కి స్ప్రింగ్ చాలు: హ్యాండిల్ ఎంత నొక్కినా కొసకి ఒక హద్దు వరకే బలం వెళ్తుంది. ఆ హద్దు తేల్చేటప్పుడు పేగుని సెలైన్‌తో తడిపి పెట్టండి. ఆరిన పేగు జారదు, లెక్క తప్పుతుంది.